మెరవని చుక్క

చుక్క మేస్త్రికి ఆ పేరు మందు అలవాటు వల్ల వచ్చిందనుకునేవాళ్లంతా ఆ వీధికి కొత్తవాళ్లు. ఆయన టీ తప్ప మరొకటి ముట్టని మనిషి. ఏ ఇంజనులోంచైనా ఒక్క చుక్క ఆయిలు కారుతోందంటే, అది ఎక్కణ్ణించి బయల్దేరిందో తేలేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. నాలుగు షెడ్లు తిరిగి విసిగిపోయిన బండ్లు చివరికి ఆయన షెడ్డుకి వచ్చేవి. ఆయన బోల్తా పెట్టిన పాత డబ్బా మీద కూర్చుని, ఇంజన్ని కాసేపు ఊరికే చూసేవాడు. తర్వాత వేలితో ఒకచోట రాసి, వాసన చూసి, "ఇదిగో, ఇక్కడుంది దొంగ" అనేవాడు. నూటికి తొంభైసార్లు అదే అయ్యేది. మిగతా పదిసార్లు ఆయన ఇంట్లోవాళ్లతో మాట్లాడేవాడు కాదు, అంతే తేడా.

ఆయనకో పట్టింపు ఉండేది. ఆయిలు కారే బండిని రోడ్డెక్కనిచ్చేవాడు కాదు. "వెనకాల స్కూటరు మీద వచ్చేవాడు నీ ఆయిలు మీద జారి పడితే, వాడి కాలు విరగ్గొట్టింది నువ్వే" అని ఎంత పెద్దమనిషి మొహం మీదైనా అనేసేవాడు. బండి షెడ్డులోనే ఉండిపోయేది, యజమాని ఆటో ఎక్కేవాడు.

షెడ్డు ఇంటికి ఆనుకునే ఉండేది. వంటింటి తలుపు తీస్తే షెడ్డులోకే. అందులో ఒక మూల, దుప్పటి కప్పుకుని, ఆయన సొంత కారు ఉండేది. రెండే సీట్లు. నేలకి జానెడెత్తున పాకుతున్నట్టుండే స్పోర్ట్స్ కారు. మూతపడ్డ ఒక ప్రెస్సు వెనక, తుప్పుపట్టి, సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టిన స్థితిలో దొరికింది. దాన్ని మళ్లీ మనిషిని చెయ్యడానికి పదకొండేళ్లు పట్టింది. ఇంజను పని ఆయనది. రేకు పనీ రంగు పనీ బావమరిదివి. భార్య తమ్ముడైన అతను పక్క సందులో ఉండేవాడు, ఇరవై ఆరేళ్లుగా అదే షెడ్డులో సొట్టలు తీస్తూ బతికాడు. మడత పడే గుడ్డ టాపు కుట్టింది భార్య. ఆ మందపాటి గుడ్డకి ఆవిడ కుట్టు మిషను సూదులు పద్నాలుగు విరిగాయి. రంగు దగ్గర బావా బావమరుదులు మూడు వారాలు పోట్లాడుకుని, చివరికి ఆవిడ చెప్పిన ముదురాకుపచ్చ వేశారు.

ప్రతి ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ అందులో ఊరి చివరి వంతెన దాకా వెళ్లి వచ్చేవారు. మేస్త్రికి వారమంతా ఒక ఎత్తు, ఆ గంట ఒక ఎత్తు. అరవై ఆరేళ్ల మనిషి, స్టీరింగు పట్టుకోగానే ఈల వేసేవాడు.

ఒక శనివారం ఆయన దుప్పటి తీసి, అలవాటు కొద్దీ కారు కిందకి వంగి చూశాడు. సిమెంటు నేల మీద, ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోటికి సరిగ్గా కింద, అరచేతంత నల్లటి మరక.

"నా కారుకా?" అన్నాడు, ఎవరో తన్ని తిట్టినట్టు.

ఆ ఆదివారం వంతెన ప్రయాణం ఆగిపోయింది. ఇంజను అడుగున ఉండే ఆయిలు చాంబరు బోల్టులన్నీ బిగించాడు. మర్నాడు మళ్లీ మరక. చాంబరు దించి, ప్యాకింగు మార్చాడు. మళ్లీ మరక. ఇంజను పైమూత ప్యాకింగు మార్చాడు. పైన కారింది వెనక్కి జారి కిందకి దిగుతోందేమోనని. లేదు. ఇంజన్ని మొత్తం కడిగి, ఆరబెట్టి, వొంటికి రాసుకునే పౌడరు దాని నిండా చల్లి, అరగంట ఆడించి, తడి ఎక్కడ తగులుతుందో చూశాడు. పౌడరు పెళ్లికూతురి మొహంలా పొడిగానే ఉంది. మర్నాడు పొద్దున రోజువారీ నడక నించి వచ్చి చూస్తే మాత్రం గేరుబాక్సు మొదట్లో తడి, నేల మీద మరక.

ఇంజను వెనక భాగంలోంచి కారే ఆయిలంత దొంగది ఇంకోటి లేదు. అక్కడ నాలుగైదు దారులు కలుస్తాయి. ఎక్కణ్ణించి వచ్చిందీ చెప్పడం కష్టం. ఈ సంగతి బావమరిదికి కొత్తలో నేర్పింది మేస్త్రే.

"వెనక రబ్బరు సీలు అయ్యుంటుంది బావా" అన్నాడు బావమరిది, చేతిలో గరుకుకాగితం పక్కన పెట్టి. "గేరుబాక్సు దించక తప్పదేమో."

గేరుబాక్సు దించారు. ఇద్దరూ కలిసి, జాకీల మీద, రెండు రోజులు. కొత్త సీలు వేశారు. వారం తిరక్కుండా మరక. మళ్లీ దించారు. ఈసారి వేరే షాపు సీలు. మళ్లీ మరక. మూడోసారి దించినప్పుడు మేస్త్రి నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడు. దించినప్పుడల్లా ఆయిలు ఒంపి కొత్తది పోస్తుండటంతో, లోపల మట్టం ఎంత తగ్గుతోందో లెక్క చూసుకునే వీలే లేకపోయింది. ఒంపిన పాత ఆయిలు షెడ్డు వెనక డబ్బాల్లో చేరింది.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఈ ఎనిమిది నెలల్లో మేస్త్రిలో ఏదో సడలిపోయింది. బయటి బండ్లు వస్తే, "ఇంకెవరికైనా చూపించుకోండి" అనడం మొదలుపెట్టాడు. సొంత బండి కారుడు ఆపలేనివాడు ఊళ్లోవాళ్ల బండ్లు ఏం చూస్తాడు? ఒకరోజు ఒక చిన్న బోల్టు ఆయన వేళ్లలోంచి రెండుసార్లు జారిపడింది. దాన్ని తీసుకోకుండా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"నా చేతులు అయిపోయాయిరా" అన్నాడు బావమరిదితో.

బావమరిది రేకు మీంచి తలెత్తలేదు. "వయసు బావా. ఎవరికైనా వచ్చేదేగా."

ఆ మాట మేస్త్రి గుండెలో దిగింది. కానీ నిజమేననుకున్నాడు. పరాయివాడా అన్నది, తన చేతుల మీద పెరిగినవాడు.

స్పేర్ పార్టుల షాపు ముసలాయన ఒకసారి ఆయన వాలకం చూసి, చిటికెనవేలంత సీసా ఒకటీ, ఊదారంగు కాంతినిచ్చే చేతిదీపం ఒకటీ చేతిలో పెట్టాడు. "ఈ రంగుమందు ఆయిల్లో కలుపు. ఇంజను కాసేపు ఆడించు. చీకటి చేసి ఈ దీపం పట్టు. ఆయిలు ఎక్కడున్నా మిణుగురుపురుగులా మెరుస్తుంది. కుర్ర మెకానిక్కులంతా ఇప్పుడు దీంతోనే బతుకుతున్నారు."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ముక్కుతో పట్టేవాడికి దీపం కావలసి వచ్చింది. దాన్ని చొక్కాలోపల దాచుకుని ఇంటికి తెచ్చాడు. భార్యకి చెప్పలేదు, బావమరిదికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసుకుని, ఆయిలు మార్చి, కొత్త దాంట్లో రంగుమందు కలిపి, కారు మీదా కిందా ఎక్కడా తడన్నది లేకుండా తుడిచి, ఇంజను ఆడించాడు. తలుపులు మూసి, కిటికీకి గోనెసంచి కట్టి, కిందకి దూరి దీపం వెలిగించాడు. ఎక్కడా ఏమీ లేదు. మట్టం చూసే కడ్డీ బయటికి లాగి దీపం పట్టాడు. కడ్డీ చివర పచ్చగా, నిమ్మతొక్క రంగులో ధగధగా మెరిసింది. అంటే మందు పనిచేస్తోంది.

మర్నాడు పొద్దున నడక ముగించుకుని వచ్చేసరికి మామూలుగానే నేల మీద మరక ఉంది. భార్య బజారుకి వెళ్లేదాకా ఆగి, తలుపులు మూసి, మరక మీద దీపం పట్టాడు.

మెరవలేదు.

దీపం దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు. గేరుబాక్సు మొదట్లో ఉన్న తడి మీద పెట్టాడు. అదీ మెరవలేదు. కడ్డీ లాగి చూశాడు, మెరిసింది. మరక మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పాత ఆయిలు. వాడేసి ఒంపిన ఆయిలు, కాలిన వాసన. నిన్న పోసిన కొత్త ఆయిలుకి ఆ వాసన రావడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది.

సిమెంటు నేల మీద వెల్లకిలా అలాగే పడుకుండిపోయాడు. ఇది తన ఇంజనులోంచి వచ్చింది కాదు. ఎనిమిది నెలలుగా కారు చుక్క కూడా కారలేదు. మొదట ఒళ్లంతా తేలికైపోయింది, చేతులు బాగానే ఉన్నాయని. ఆ వెంటనే, కారనప్పుడు ఇదెలా వచ్చిందన్న ప్రశ్న వచ్చి మీద కూర్చుంది. ముందు తలుపుకైనా వెనక తలుపుకైనా షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి తన మొలకి ఉంటుంది, ఇంకోటి బావమరిది దగ్గర. ఇక మిగిలిన దారి వంటింటి తలుపు.

మర్నాడు తెల్లవారగానే రోజూలాగే చెప్పులేసుకుని, "వస్తానే" అని వీధిలోకి నడిచాడు. మలుపు తిరిగి, సందు గుండా వెనక్కి వచ్చి, షెడ్డు వెనక తలుపు తీసి, పాత టైర్ల దొంతర వెనక కూర్చున్నాడు. కాసేపటికి ముందు తాళం చప్పుడైంది. బావమరిది వచ్చాడు. చేతిలో పొడుగుముక్కు ఆయిలు డబ్బా. దుప్పటి మడిచాడు, కారు ముందుమూత ఎత్తాడు, ఒంగి, డబ్బా ముక్కుని ఇంజను వెనక సందులోకి పోనిచ్చాడు. తడబాటు లేదు, తొందర లేదు. రోజూ చెట్టుకి నీళ్లు పోసేవాడిలా పోస్తున్నాడు.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. భార్య టీ కప్పుతో గడపలో నిలబడింది.

"ఇవాళ కాస్త తక్కువ పొయ్యిరా" అంది. "నిన్న చాలాసేపు కిందే పడుకున్నారు. నడుం మళ్లీ పట్టేస్తుంది."

"సరేలేక్కా" అని, బావమరిది డబ్బా దింపి టీ అందుకున్నాడు. ఇద్దరూ పార్టుల షాపు ముసలాయన కూతురి పెళ్లి గురించి రెండు మాటలు మాట్లాడుకున్నారు. ఆవిడ ఖాళీ కప్పు తీసుకుని లోపలికెళ్లింది. అతను దుప్పటి కప్పి, తాళం వేసి వెళ్లిపోయాడు.

మేస్త్రికి డబ్బా చూసినప్పుడు కోపం రాలేదు. టీ కప్పు చూసినప్పుడు వచ్చింది. అంత అలవాటుగా ఉంది ఆ కప్పు.

ఆయన లేచి, బట్టలు దులుపుకుని, నిజంగానే నడకకి వెళ్లాడు. తిరిగొచ్చి, రోజూలాగే మరక చూసి, రోజూలాగే నిట్టూర్చాడు. మధ్యాహ్నం బావమరిది పనికి వచ్చినప్పుడు, అతని కళ్లలోకి చూస్తూ అడిగాడు. "ఏమంటావురా? వెనక సీలేనంటావా?"

వాడి నోటిలోంచి అబద్ధం రాదేమోనని ఆశపడ్డాడు. వాడు ఒక్క క్షణం తటపటాయించినా చాలనుకున్నాడు.

"సీలే బావా" అన్నాడు బావమరిది. "నాకూ అదే అనిపిస్తోంది."

మేస్త్రి షెడ్డు తలుపులు మూశాడు. కిటికీకి గోనెసంచి కట్టాడు. వంటింట్లోంచి భార్యని పిలిచి, తమ్ముడి పక్కన నిలబెట్టాడు. చీకట్లో దీపం వెలిగించి, కడ్డీ లాగి చూపించాడు. పచ్చగా మెరిసింది. దీపం నేల మీది మరక మీదికి తిప్పాడు. అక్కడ నలుపు తప్ప ఏమీ లేదు.

"మెరుస్తున్నది నాది" అన్నాడు. "ఈ మెరవనిది ఎవరిదిరా?"

గోనెసంచి చిరుగులోంచి పడ్డ వెలుతురు గీత ఒకటి బావమరిది పాదాల మీద ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"వాణ్ణి అడక్కండి" అంది భార్య. "పొయ్యమన్నది నేను."

"నువ్వా?"

"ఈ మరక మొదలవడానికి ముందు ఆదివారం వంతెన దగ్గర నేను కేకేస్తే, ఏంటని అడిగారు. తేనెటీగ వచ్చిందన్నాను. తేనెటీగ కాదు. ఎడమవైపు సందులోంచి ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెనక బుట్టలో చంటిపిల్ల. మన అద్దం ఆవిడ మోచేతికి తగిలింది. మీరు చూడలేదు. ఈల వేసుకుంటూ పోయారు."

"నేను చూడకపోవడమేంటి?"

"మీకు ఎడమపక్క ఆనడం లేదు. గడపలు తగులుతున్నాయి, ఎడమచేతి వైపు పెట్టిన గ్లాసు పడేస్తున్నారు. కళ్లు చూపించుకోమన్నాను. అద్దాల షాపుకెళ్లి ఆఖరి వరస దాకా గడగడా చదివేసి, నా వైపు తిరిగి కన్ను కొట్టారు. ఇంక ఏం చెప్పను? కారు తియ్యొద్దంటే ఊరుకుంటారా? కారే బండిని మాత్రం మీరు బయటికి తియ్యరు. అందుకని..."

"అందుకని నా పట్టింపునే నాకు సంకెలగా వేశారు."

"నువ్వు వినవు బావా" అన్నాడు బావమరిది.

"వినను. అయితే? తాళాలు దాచెయ్యాల్సింది. టైర్లు కోసెయ్యాల్సింది. నలుగురి ముందు నా చొక్కా పట్టుకుని ముసలాడా, నీకు కళ్లు లేవని అరవాల్సింది. నా పనితోనా రా? ఎనిమిది నెలలు నా చేతులు చచ్చిపోయాయనుకున్నాను. నా నడుం విరిగేదాకా నీతో కలిసి గేరుబాక్సు మోశాను. వయసు బావా అన్నావు. ఎలా వచ్చిందిరా నీకా మాట?"

బావమరిది ఏడ్చాడు. మేస్త్రి చెయ్యి చాపాడు. ఓదార్చడానికి కాదు, తాళంచెవికి. అతను మొలలోంచి తీసి ఆ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మేస్త్రి ఒక్కడే కళ్లాసుపత్రికి వెళ్లాడు. వాళ్ల మాట అబద్ధమని తేల్చుకురావాలని వెళ్లాడు. అక్కడ తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం పెట్టించి, వెలుగు కనబడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. ఆయన బాగానే నొక్కుతున్నాననుకున్నాడు. డాక్టరమ్మ కాగితం తీసి ముందు పెట్టింది. రెండు గుండ్రాలు. రెండింటి అంచులూ, ఎడమ కంటిదైతే మధ్య తప్ప దాదాపు అంతా, తారు పూసినట్టు నలుపు.

"నీటికాసులంటారు దీన్ని" అందామె. "మధ్యలో బాగా కనబడుతుంది కాబట్టి మనిషికి తెలీదు. పోయింది తిరిగి రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకుందాం. బండి నడుపుతారా?"

"నడిపేవాణ్ణి" అన్నాడు మేస్త్రి.

బస్సులో ఇంటికి వస్తూ, సైకిలు బుట్టలోని చంటిపిల్లని ఊహించుకున్నాడు. వాళ్లిద్దరూ ఆ పిల్లనీ ఇంకెందరినో కాపాడారు, తననీ కాపాడారు. ఇదంతా ఆయనకి అర్థమైంది. అర్థమయ్యాక కోపం తగ్గాలి. తగ్గలేదు. వాళ్ల మాట నిజం కావడంతో అది పెట్టుకోవడానికి చోటు లేని కోపమైపోయింది. ఎవరికి చెప్పుకున్నా, మంచిపనేగా చేశారంటారు.

కారుని అమ్మేశాడు. కొన్నది పళ్ల డాక్టరు, నలభై ఏళ్లావిడ. కారు చుట్టూ తిరిగి చూసి, నేల మీద మరక ఆనవాళ్లు చూసి, "కారుతుందా?" అని అడిగింది. "చుక్క కారదమ్మా, రాసిస్తాను" అన్నాడు మేస్త్రి. ఆవిడ నడుపుతుంటే ఒకసారి పక్కసీట్లో కూర్చుని వంతెన దాకా వెళ్లొచ్చాడు. గేర్లు బాగా మారుస్తోంది. దిగి, ఆవిడకి ఇంజను మూత సరిగ్గా మూసే పద్ధతి రెండుసార్లు చూపించి, షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాడు.

భార్యతో ఆగిపోయిన మాటలు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. ఉప్పు, కరెంటు, తలుపు గడియ, ఇలాంటివి. కంట్లో మందు తానే వేసుకునేవాడు. సగం చెంప మీదికి కారేది. ఆవిడ చూస్తూ ఉండేది, వేస్తానని అడిగేది కాదు.

ఒక సాయంత్రం ఆవిడ గిన్నెలు తుడుస్తుంటే, ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని అడిగాడు. "ఒక్కటి చెప్పు. మీరిద్దరూ ఎప్పుడైనా నన్ను చూసి నవ్వుకున్నారా?"

ఆవిడ చేతిలో గిన్నె గట్టు మీద పెట్టింది. 'లేదు' అంటే సరిపోయేది. ఆవిడకి ఇక అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఒకసారి" అంది.

"ఎప్పుడు?"

"మూడోసారి సీలు వేసి వచ్చి, ఇక్కడే కూర్చుని, 'ఈసారి దాని తాత దిగొచ్చినా కారదు' అన్నారే. అప్పుడు. వాడు మొదలెట్టాడు, నేను ఆపుకోలేకపోయాను."

మేస్త్రికి ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. వాళ్లు నవ్వుతుంటే తన సంతోషానికి సంతోషించి నవ్వుతున్నారనుకున్నాడు. వాళ్లతో కలిసి తనూ నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

"ఊఁ" అన్నాడు. బల్ల మీది కళ్లమందు సీసా తీసి, ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన గడ్డం పైకెత్తి, రెండు కళ్లలోనూ ఒక్కొక్క చుక్క వేసింది. ఒక్కటీ బయట పడలేదు.

బండ్లు మళ్లీ వస్తున్నాయి. మేస్త్రి మళ్లీ డబ్బా మీద కూర్చుని, చూసి, వాసన పట్టి చెబుతున్నాడు, ఇదివరకటికన్నా కాస్త ఆలస్యంగా. బావమరిది కూడా రెండు నెలల తర్వాత సొట్టల పనికి వచ్చాడు. ఇద్దరికీ వేరే బతుకుతెరువు లేదు. పొద్దున అతను వచ్చేసరికి షెడ్డు తాళం వేసి ఉంటుంది. మేస్త్రి నడక ముగించుకుని వచ్చేదాకా బయట గోడకి ఆనుకుని నిలబడతాడు. ఆలస్యమైనా విసుక్కోడు. మేస్త్రి వచ్చి తాళం తీస్తాడు, తలుపు రెండో రెక్క అతను నెడతాడు, ఎవరి మూలకి వాళ్లు వెళ్లి పనిలో పడతారు.